తెల్లబడ్డ ప్లగ్గు

ఆపాల్సిన బండిని కాంట్రాక్టర్ మనుషులు ఆపకుండా తిప్పించారు. అందుకే మా కాక పోయాడు. ప్రమాదం అని రాసుకున్నారు, రాసుకోనివ్వండి. కిందటి వారం ఓపెన్‌కాస్టు గనిలోంచి పైకి వచ్చే రోడ్డు మలుపులో మా పాత పెట్రోల్ వ్యాన్ ఆగిపోయింది. పైనుంచి టిప్పర్ దిగింది. స్టీరింగ్ ముందు ఆయన ఉన్నాడు. వెనక సీట్లోంచి దిగి బతికినవాళ్లలో నేనొకణ్ణి.

ఆయన నాకు చుట్టం కాదు. కాంట్రాక్టు కార్మికులను గనికి చేర్చే వ్యాన్ తోలేవాడు, దాని మరమ్మతూ ఆయనే చూసేవాడు. అందరికీ కాకే. నేను ఏ ఐటీఐకీ పోలేదు. ఇంజిన్ గురించి నాకు తెలిసిందంతా ఆ బండి పక్కన నిలబడి, ఆయన చేత తిట్లు తింటూ నేర్చుకున్నదే.

స్టార్ట్ చేసేటప్పుడు ఎవరినీ మాట్లాడనిచ్చేవాడు కాదు. "నోర్లు మూయుండ్రి, బండి ఏమంటుందో ఇననియ్యుండ్రి" అనేవాడు. ఫోన్లో పాటలు వినేవాడి చెవిలోంచి వైరు లాగేసేవాడు.

ఎండలు ముదిరాక బండి ఎత్తు ఎక్కేటప్పుడు తడబడటం మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కితే గుంజదు, కార్బురేటర్‌లోంచి ఫట్‌మని వెనక్కి కొడుతుంది. గోదావరిఖనిలో ఏ బండి మొరాయించినా ఒకటే వైద్యం, గాలి ఫిల్టర్ విప్పి నేలకేసి కొట్టడం. బొగ్గు దుమ్ము పట్టి ఊపిరాడట్లేదు అనుకుంటాం. చాలాసార్లు అదే నిజం.

కాక ఫిల్టర్ జోలికి పోలేదు. ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్గు విప్పి, తువ్వాలతో పట్టుకుని నా ముందు పెట్టాడు. సున్నం కొట్టినట్టు ఉంది.

"ఏం కనవడుతందిరా?"

"మంచిగ సాఫ్‌గున్నది కదా కాక."

"నీ మొకం. మన దగ్గర అంగీ తెల్లగుండదు, మేక తెల్లగుండదు, నువ్వసలే ఉండవు. గిదొక్కటే తెల్లగుందంటే బుగులు పడాలె. ఊపిరాడకుంటే ప్లగ్గు నల్లగైతది. గిది ఎక్కువ గాలి తాగుతంది, పెట్రోల్ సాలుతలేదు. కడుపు ఎండి కాలుతంది."

చోక్ సగం లాగాడు. అలా లాగితే గాలి తగ్గి పెట్రోల్ పెరుగుతుంది. బండి వెంటనే సాఫీగా నడిచింది. తర్వాత, ఇంజిన్ నడుస్తుండగానే, కార్బురేటర్ కింది అతుకు చుట్టూ నీళ్లు చిలకరించాడు. ఒకచోట చుక్క పడగానే శబ్దం మారింది.

"గీడ తాగుతంది దొంగగాలి" అన్నాడు.

అతుకులో ప్యాకింగ్ పగిలింది. మార్చాలంటే బండి ఒక పూట ఆగాలి. కాంట్రాక్టర్ దగ్గరి సూపర్‌వైజర్ ఒప్పుకోలేదు. "దుమ్మే కాక. ఫిల్టర్ తీసి పారెయ్, ఊపిరాడుతది" అన్నాడు, తీయించాడు కూడా. గాలి ఎక్కువై అల్లాడుతున్న బండికి ఇంకాస్త గాలి పెట్టాడు. పైగా, "బండి ఆపితే పోరగాళ్ల మస్టర్ పోతది" అన్నాడు. మా హాజరు పోవద్దని కాక ఒక చెయ్యి చోక్ మీదే ఉంచి తోలాడు.

ఆ రోజు మలుపులో ఫట్‌మంది, ఆగిపోయింది. హ్యాండ్‌బ్రేకు పట్టదు. కాక బ్రేకు మీద కాలు నొక్కిపెట్టాడు.

"దిగుండ్రి, జల్ది దిగుండ్రి."

"మరి నువ్వు?" అన్నాను.

"కాలు తీస్తే మీ మీదికే వస్తదిరా. పో."

దుమ్ములో టిప్పర్ లైట్లు కనపడేసరికి మేము రోడ్డు పక్క మట్టికట్ట మీద ఉన్నాం.

అప్పటి నుంచి నాకు భయం. దాచుకోను. ఇప్పుడు కాంట్రాక్టర్ దగ్గరున్న రెండో వ్యాన్ ఎక్కుతున్నాం, అదీ అదే ఎత్తులో తడబడుతోంది. దాని ఫిల్టర్ కూడా తీసేశారు. వినడం నేర్పి పోయాడు కాక, ఇక వినకుండా ఉండలేను. ఫట్ అనగానే అందరి చేతులూ తలుపు వైపు పోతాయి. కొత్త డ్రైవరన్న చోక్ పట్టుకుని, అచ్చం కాకలాగే ముందుకు వంగి కూర్చుంటాడు.

నిన్న దాని ప్లగ్గు విప్పాను. తెల్లగా ఉంది. నా వేలి మసి అంటినచోట ఒక్కటే నలుపు.

కాంట్రాక్టర్‌కు చెప్తున్నాను, చదివేవాళ్లంతా సాక్ష్యం. రెండో వ్యాన్‌ను పక్కకు పెట్టండి. ప్యాకింగ్ మార్చండి, ఫిల్టర్ బిగించండి, హ్యాండ్‌బ్రేకు పట్టేలా చేయండి. ఖాళీ బండిని ఎత్తు ఎక్కించి తెచ్చి, మా ముందు ప్లగ్గు విప్పి చూపించండి. ఆపుతారో లేదో ఆదివారం సాయంత్రంలోగా జవాబు కావాలి. రాకపోతే సోమవారం మొదటి షిఫ్టుకు తలుపు తెరుచుకుని నిలబడేది వ్యాన్ ఒక్కటే. మేము ఎక్కం.