వెర్లిన్ బల్ల దగ్గర మాట్లాడకూడదు

భార్య ఆర్డిస్ పోయాక వెర్లిన్ స్కోగ్‌స్టాడ్ తూటాలు చేసుకునే షెడ్డు తలుపు తీయలేదు. చలికాలం పోయింది, దూడలు పుట్టే రోజులూ వచ్చి వెళ్ళాయి, గొళ్ళెం మాత్రం అలాగే ఉంది. ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని, ఎదుటి పచ్చికలో ప్రెయిరీ డాగులు కొత్త బొరియలు తవ్వుతుంటే చూస్తూ కూర్చునేవాడు. పేరుకే అవి డాగులు, తీరా చూస్తే లావుపాటి ఉడతలు. ఒకప్పుడు ఒక్కటి కూడా ఆ పచ్చికలోకి రాగలిగేది కాదు. ఈయన సొంతంగా చేసుకున్న తూటాలంటే అలా ఉండేవి.

ఆర్డిస్ ఎలా పోయిందో మా డకోటా చుట్టుపక్కల పశువుల వాళ్ళందరికీ తెలుసు. తూటాల్లో మందు పోసేటప్పుడు తన బల్ల దగ్గర ఎవరూ మాట్లాడకూడదని వెర్లిన్ నియమం. వెర్లిన్ అన్న ఒకప్పుడు మాటల్లో పడి, పిస్తోలు మందు డబ్బా ఎత్తి రైఫిల్ తూటాల్లో పోసేశాడు. కాల్చేసరికి తుపాకి బద్దలై కన్ను పోయింది. ఆ నియమాన్ని ఆర్డిస్ పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ పాటించింది. భోజనానికి పిలవాలన్నా సరే, తలుపు పక్కన ఉన్న పాత వంటింటి కుర్చీలో కూర్చుని ఆయన తల తిప్పేదాకా ఆగేది. ఆ రోజూ వచ్చింది. తలుపు చప్పుడు విని, వెనక్కి చూడకుండానే ఈయన ఆగమని చెయ్యెత్తాడు. ఆమె కూర్చుంది. ఈయన మందు పోయడం ముగించి తిరిగేసరికి ఆ కుర్చీలోనే ప్రాణం పోయి ఉంది. గుండె ఆగిందన్నారు.

అంత్యక్రియలయ్యాక చర్చి కింది గదిలో భోజనాలు పెట్టారు. "ఏం చెప్పడానికొచ్చిందో? ఒక్క క్షణం తిరిగి చూస్తే బతికేదా?" అని ఎదురైన ప్రతివాళ్ళనీ అడిగాడు, కాఫీ పోస్తున్న ఆవిడతో సహా.

ఆయన పొలానికీ నా పొలానికీ మధ్య ఒక్క కంచె. ఆ వేసవిలో నా గుర్రం బొరియలో కాలు పెట్టి విరగ్గొట్టుకుంది. నా చేత్తో నేనే దాన్ని కాల్చాల్సి వచ్చింది. బాగా ఏడ్చాను. తర్వాత ఆ డాగుల పని పడదామని మా నాన్న పాత చిన్న రైఫిల్ దించి, కొట్లో దొరికిన తూటాలు తెచ్చి, గురి చూసుకుందామని కాగితం మీద కాల్చాను. ఒక్కటీ అనుకున్న చోట తగిలి చస్తే కదా! ఆ కాగితం పట్టుకుని వెర్లిన్ వాకిట్లోకి పోయాను.

"ఏమిటే నోరీన్ ఇది? నువ్వు కాల్చావా, ఎలుకలు కొరికాయా?"

"వెటకారం ఆపి చూడండి. తుపాకీలోనే ఏదో తేడా ఉంది."

"మీ నాన్న తుపాకినేమన్నా అన్నావంటే ఊరుకోను." కాగితాన్ని వెలుతురుకి పట్టాడు. "గుండ్రటి కన్నం ఒక్కటైనా ఉందా? గుండ్లన్నీ అడ్డంగా తగిలాయి. ఈ పాత గొట్టం లోపల గుండుని తిప్పే మర మెలిక తక్కువ. పొడుగాటి బరువు గుండుని నిలకడగా తిప్పలేదు, అది గాల్లో పల్టీలు కొడుతుంది. దీనికి పొట్టి గుండు కావాలి, తేలికది, పల్చటి రాగి తొడుగుది. నేలకి తగిలితే అక్కడే పొడైపోవాలి. ఎగిరొచ్చి నా ఆవులకి తగలకూడదు."

"అలాంటి తూటాలు కొట్లో లేవు."

"లేకపోతే చేసుకోవాలి."

"అయితే నేర్పండి."

ఆయన షెడ్డు వైపు చూసి, మళ్ళీ పచ్చిక వైపు తిరిగాడు. నాకు ఒళ్ళు మండింది.

"మీ పచ్చికలోంచే కదా అవి నా వైపు వచ్చింది! ఇలాగే కూర్చోండి, రేపు మీ ఆవుల కాళ్ళూ విరుగుతాయి. ఆర్డిస్ ఉంటే ఈ కుర్చీని ఎప్పుడో పొయ్యిలో పెట్టేది!"

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆయన మాత్రం లేచి వెళ్ళి గొళ్ళెం తీశాడు.

లోపల వంటింటి కుర్చీ తలుపు పక్కనే ఉంది. ఆయన దాన్ని చూడకుండా దాటి, బల్ల మీది సామాను గబగబా చూపించడం మొదలుపెట్టాడు. "ఇది మీట నొక్కే ప్రెస్సు. ఇవి అచ్చులు, నీ తుపాకి కొలతవే కొనుక్కో. త్రాసు మంచిది కొను, అక్కడ కక్కుర్తి పడకు. గరాటు, కొలిచే పట్టకారు, తొడుగులు నిలబెట్టే ఈ కన్నాల చెక్క. మొదట్లో ఇంతకు మించి కొనమని ఎవడు చెప్పినా వాడు దుకాణం వాడే. ఇక మందు డబ్బా బల్ల మీద ఒక్కటే ఉండాలి. రెండోది కనిపించిందో, చెయ్యి విరగ్గొడతా."

చెక్క మీద గుడ్డ కప్పి ఉంది. తీశాడు. కన్నాల్లో తూటాల ఇత్తడి తొడుగులు నిలబడి ఉన్నాయి. అన్నిటిలోనూ మందుంది, ఒక్కదానికీ గుండు బిగించలేదు. ఆర్డిస్ పోయిన రోజు పోసినవే.

"ఇది ఇక పనికిరాదు. ముందు ఖాళీ చెయ్యాలి" అన్నాడు. చెక్కని రెండు చేతులతో పట్టి, వెడల్పాటి రేకు పళ్ళెంలోకి ఒక్కసారిగా వంచాడు. తొడుగులు గలగలా రాలాయి. ఒక్కొక్కదాన్నీ తీసి తట్టి పక్కన పెట్టాడు. పళ్ళెం అడుగున బూడిదరంగు మందు మిగిలింది. అంతే, అయిపోయింది.

వెర్లిన్ ఆ పళ్ళెం వంక చూస్తూ నిలబడిపోయాడు.

"ఇంతేనా?" అన్నాడు. "నోరీన్, ఇంతేనా? ఆ రోజు ఆర్డిస్ మాట విని, వెనక్కి డబ్బాలో పోసేసి, మళ్ళీ మొదలెట్టుకుంటే సరిపోయేది కదే! దీని కోసమా నేను చెయ్యెత్తింది?"

ఆయన్ని పట్టుకుని, వెతికితే వేరే కుర్చీ కనబడక, ఆర్డిస్ కుర్చీలోనే కూర్చోబెట్టాను. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

పళ్ళెంలో మందు బయట గడ్డిలో పారబోసొచ్చాను. ఆయన ముఖం తుడుచుకుని, పని కానివ్వమన్నాడు. కుర్చీలోంచే చెబుతూ, చెయ్యి తిరగడానికని తను కాల్చి దాచిన ఇత్తడి తొడుగుల్ని నాచేత సరిచేయించాడు, అడుగున మందుని అంటించే నిప్పు బిళ్ళలు బిగింపజేశాడు. చివరికి త్రాసులో మందు తూచి పోయడం మొదలుపెట్టాను. నియమం గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

"నోరీన్" అన్నాడు వెనక నుంచి.

చెయ్యి ఆపి తల తిప్పాను. "ఏం కావాలి?"

"ఏం వద్దు."

"మీరే కదా మాట్లాడొద్దనేది! ఎక్కడ ఆపానో మర్చిపోయాను చూడండి."

"మర్చిపోతే వెనక్కి పోసెయ్. మళ్ళీ పోసుకుందువు గానీ" అన్నాడు. "నేను పిలిస్తే మాత్రం తిరిగి చూడు."