వానలో ఎడారి పద్ధతి

నేను ఉద్యాన అధికారిగా కోరుట్లకు బదిలీ అయిన రెండో ఏడాది, జూలై నెల సంగతి ఇది. నేను చెప్తూ పోతాను, నువ్వు రాసుకో బిడ్డా. ఉద్యాన అధికారి అంటే రెండు మూడు మండలాల కూరగాయలు, పండ్లతోటలు చూసే ఉద్యోగం. మాపైన జిల్లా అధికారి ఉంటారు. పాలీహౌస్ కట్టుకున్న రైతుల దగ్గరికి నెలకోసారి వెళ్లి, లోపలి వేడి, మొక్కల ఎత్తు, తెగుళ్లు ఫారంలో నింపి పైకి పంపాలి. పాలీహౌస్ అంటే మరేం లేదు, ఇనుప పైపుల మీద ప్లాస్టిక్ షీటు కప్పిన పొడవాటి గది.

ఇబ్రహీంపట్నం మండలంలో లింబాద్రి అనే రైతు ఉండేవాడు. పన్నెండేళ్లు ఒమన్‌లో, ఎడారిలో కట్టిన గ్రీన్‌హౌస్‌లలో పనిచేసి వచ్చి, పసుపు వేసే చేనులో పాలీహౌస్ కట్టి కీరదోస పెట్టాడు. ఒక గోడ నిండా తేనెపట్టులా గుల్లగా ఉండే అట్ట పలకలు. వాటి మీద నీళ్లు కారుతూ ఉంటాయి. ఎదుటి గోడకున్న పెద్ద ఫ్యాన్లు ఆ తడి పలకల గుండా గాలిని లాగుతాయి. మన ఇంట్లో కూలర్ పనిచేసినట్టే. ఏటేటా ముదురుతున్న ఎండలకు బయట కూరగాయలు మాడిపోతుంటే, మే నెలలో కూడా లింబాద్రి తీగలు పచ్చగా ఉన్నాయి. నాకు గొప్పనిపించింది. సిరిసిల్ల నుంచి, చందుర్తి నుంచి రైతులను పిలిపించి మరీ చూపించాను.

లింబాద్రి భార్య లావణ్య నవ్వేది: "కొండగట్టుకు పోయినట్టు మా తోటకు వస్తుండ్రు మేడం. కొబ్బరికాయ కొట్టుడొక్కటే తక్కువ."

జూలైలో వారం రోజులు ముసురు పట్టింది. తనిఖీకి వెళ్తే ఆకుల మీద పసుపు మచ్చలు కనిపించాయి. థర్మామీటర్ చూశాను, వేడి సరిగ్గానే ఉంది. ఫారంలో అదే రాయబోతుంటే లావణ్య ఒక ఆకు తిరగేసి పట్టుకుంది. అడుగున బూడిదరంగు బూజు.

"మచ్చలు వచ్చినకొద్దీ నీళ్లు ఎక్కువ విడుస్తుండు మేడం. వాన కొడ్తున్నది కనవడ్తలేదా అంటే ఇంటలేడు."

"నీళ్లు బందైతే గంటల పంట మాడుతదని అక్కడ మొదటి రోజే చెప్పిండ్రు," అన్నాడు లింబాద్రి. "పన్నెండేండ్లల నేను ఒక్కనాడు బందు వెట్టలే. మేడం సుత చూసి మంచిగుందన్నరు గద!"

అన్నాను, నిజమే. వానాకాలం సంగతి నాకూ తట్టలేదు.

అతను అప్పటికే ఆశ వదిలేశాడు. ఒమన్‌లోని పాత సూపర్‌వైజర్ హమీద్ మళ్లీ రమ్మంటున్నాడట, వీసా పంపిస్తానన్నాడట. లావణ్య నాతోనే చెప్పింది, మొగుడికి వినపడేలా: "పెండ్లయినకాంచి ఫోన్ల కాపురమే మేడం. ఈ పందిరి నిలవడితేనే ఈయన ఇంట్ల ఉంటడు. లేకుంటే మళ్ల ఫోనే."

"హమీద్‌కు ఫోన్ చెయ్," అన్నాను. "వీసా గురించి కాదు. ఈ ఆకు చూపియ్యి."

వీడియోలో ఆకు చూసి హమీద్ హిందీలో ఒకటే అడిగాడు: గాలిలో తేమ ఎంత? ఆ లెక్క మా దగ్గర లేదు. తేమ కొలిచే పరికరమూ లేదు. రెండు థర్మామీటర్లు తీసుకుని, ఒకదాని మొనకు తడిగుడ్డ చుట్టి ఫ్యాను ముందు పట్టుకున్నాను. గాలి పొడిగా ఉంటే గుడ్డ ఆరుతూ ఆ థర్మామీటర్‌లో వేడి బాగా దిగాలి. ఇక్కడ ఒక్క డిగ్రీ దిగింది, అంతే. గాలి అప్పటికే నీళ్లతో నిండిపోయి ఉంది. తడి పలకలు చల్లదనం ఇవ్వడం మానేసి బూజును పెంచుతున్నాయి.

ఆ సంగతి విని హమీద్ లింబాద్రిని తిట్టాడు. లింబాద్రి సిగ్గుపడుతూ తెలుగులో చెప్పాడు: "సముద్రం పక్క తోటలల్ల ఉక్కపోసే నెలల పలకలు ఆరవెట్టి, ఉత్త ఫ్యాన్లే తిప్పుతరట మేడం. నేను ఎన్నడు ఆ దిక్కు పోలే. నన్నెవలు అడిగిండ్రు, నువ్వు ఏ దిక్కు పనిచేసినవని!"

పలకల నీళ్లు ఆపించాను. తెగులు పట్టిన ఆకులు తెంపి బయట కాల్చాం, మందు కొట్టించాం. వేళ్లకు పెట్టే డ్రిప్పు నీళ్లు పొద్దునపూటకు మార్చాం. సగం తీగలు పోయాయి, సగం నిలిచాయి.

పది రోజులకు హమీదే ఫోన్ చేశాడు. అక్కడ ఎన్నడూ లేని వానలు పడుతున్నాయట. గ్రీన్‌హౌస్‌లోకి వరద వస్తే ఏం చేయాలో వాళ్లెవరికీ తెలియదు. లింబాద్రి ఫోను పట్టుకుని తన పాలీహౌస్ చుట్టూ నడిచాడు. కాలువ ఎంత లోతు తవ్వాలో, వాలు ఎటు పెట్టాలో, గట్టు ఎక్కడ తెంపాలో చూపించాడు. ఫోన్ పెట్టేసే ముందు, వీసా పంపొద్దని చెప్పాడు.

లావణ్య బుట్ట తీసుకుని కీరదోస కోయడానికి లోపలికి వెళ్లింది.

రాసుకో బిడ్డా, ఇది ముఖ్యం. ఒక పద్ధతి పరదేశం నుంచి మనిషితోపాటు వస్తుంది గానీ, అక్కడి గాలి దాంతో రాదు. నా సర్వీసు చివరిదాకా, బయట పనిచేసి వచ్చిన ఏ రైతునైనా ఏం నేర్చుకున్నావని తర్వాత అడిగేదాన్ని. ఎక్కడ, ఏ నెలల్లో నేర్చుకున్నావని ముందు అడిగేదాన్ని.