మీ అమ్మతో చెప్పు

మా నాయన మా అమ్మతో నేరుగా మాట్లాడగా నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి వినలేదు. అమ్మ పక్కనే పొయ్యి ఊదుతున్నా సరే, వాకిట్లో కూర్చుని నన్నే పిలిచేవాడు. "పాపా, మీ అమ్మతో చెప్పు, నీళ్లు కాగినాయేమో చూడమని." ఆ మాట అమ్మ చెవిన పడేది. అయినా నేను పోయి చెప్పాలి. అమ్మ కూడా తక్కువ తినలేదు. "కాగి శానాసేపాయ, పోసుకోమను మీ నాయన్ను." మళ్లీ నేను వాకిట్లోకి. నా తర్వాత తమ్ముడు. మైదుకూరు పక్కన మా పల్లెలో ఇదొక వింత కాదు. ఆ కాలం మగవాళ్లలో పెళ్లాన్ని ఏమే అని కూడా పిలవనివాళ్లు చాలామంది ఉండేవారు.

నేను పెళ్లయి బనగానపల్లెకు వచ్చాను. తమ్ముడు కడపలో ఫోన్ల దుకాణం పెట్టుకుని అక్కడే ఉండిపోయాడు. ఇంట్లో వాళ్లిద్దరే మిగిలారు. మాట మోసే మనిషి లేడు. తర్వాత ఎప్పుడో అమ్మ నాతో చెప్పింది, "బర్రెతో చెప్పేవాడమ్మే. మీ యమ్మతో చెప్పు, అన్నం పెట్టమని. దాన్ని అమ్మినాక అదీ ల్యా." నవ్వుకుంటూనే చెప్పింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు మీదనే సంచి సర్దుకుని కర్నూలుకు పోతుందని, ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదురుతుందని, అరవై దాటిన వయసులో కోర్టులో విడాకుల కాగితం వేస్తుందని నాకేం తెలుసు?

కోర్టులో కూడా మా నాయన మారలేదు. నీకిష్టమేనా అని జడ్జమ్మ అడిగితే వెనక్కి తిరిగి నా కోసం చూశాడు. "పాపా, మీ అమ్మతో చెప్పు, నాకేం అడ్డం ల్యాదని." కోర్టులో అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు.

అంతకు చాలా ఏళ్ల ముందే నా ఇంటాయన పోయాడు. లారీకి నాపబండలు ఎక్కిస్తుంటే వరస జారి మీద పడింది. పెద్దలు నన్ను కూర్చోబెట్టి గాజులు పగలగొట్టారు, మెట్టెలు తీశారు, బొట్టు తుడిచారు. కావాలా వద్దా అని నన్నెవరూ అడగలేదు. నేను పాలిషింగు ఫ్యాక్టరీలో కూలికి పోతుంటే నా కూతుర్ని అమ్మానాయనలే పల్లెలో పెట్టుకుని పెంచారు. అది పెద్దదై నా దగ్గరికి వచ్చేశాకే ఆ ఇంట్లో వాళ్లిద్దరే మిగిలింది.

విడాకులొచ్చాక అమ్మ ఒకసారి నా దగ్గరికి వచ్చింది. అది శ్రావణమాసం. ఎదురింటామె పేరంటానికి పిలవడానికి కుంకుమ భరిణె పట్టుకుని వచ్చి, గడపలో నిలబడి మా ఇద్దరినీ చూసింది. అమ్మకు పెట్టొచ్చా కూడదా అని ఆమెకు తెలియలేదు. చివరకు ఆమెకు ఆమే సర్దిచెప్పుకుంది. "విడిపోతే ఏమాయలే, మొగుడు బతికే ఉండాడు గదా." అమ్మ నుదుట బొట్టు పెట్టి తీసుకుపోయింది. నాతో మాత్రం, "అన్నం తిన్యావాక్కా?" అని అడిగింది.

అమ్మ కాళ్లకు పసుపుతో, ఒళ్లో తాంబూలంతో తిరిగొచ్చింది. ఉన్న మొగుణ్ని వద్దని వదిలేసిన మనిషి కాళ్లకు పసుపు. నా మొగుణ్ని నేను వదిలిపెట్టానా? ఆ రోజు నాకు పుట్టిన కుళ్లు మామూలు కుళ్లు కాదు. రవిక గుడ్డ నాకిస్తే పక్కకు తోసేశాను. ఈ మాట వద్దులేమ్మా అంటోంది, నేను చెప్తుంటే రాస్తున్న నా కూతురు. రాయమన్నాను.

దాని పెళ్లి కుదిరినప్పుడు అసలు తిప్పలు మొదలయ్యాయి. అత్తింటికి పంపే ముందు ఆడబిడ్డకు ఒడిబియ్యం పోస్తారు. పుట్టింటి దంపతులు ఒకే పీట మీద కూర్చుని, పిల్ల చాచిన కొంగులో పసుపు కలిపిన బియ్యం పోయాలి. తండ్రి లేడు, నేను పోయకూడదు. తమ్ముడూ మరదలూ పోయొచ్చు. కానీ నా కూతురు మొండికేసింది. "నన్ను సాకింది అవ్వా తాతా. వాళ్లే పోయాల. లేకుంటే నాకు ఒడిబియ్యమే వద్దు."

తమ్ముడికి చెబితే ఫోన్లోనే ఎగిరాడు. "కోర్టులో తెంచుకున్నోళ్లను పీట మీద కూర్చోబెడతావా? మా అత్తగారోళ్ల ముందర నేను తల యాడ పెట్టుకోవాలక్కా?"

"నీ తలకాయ నీ కాడే ఉంటాదిలేప్పా, గమ్మున రా" అన్నాను.

కర్నూలు పోయి అమ్మను అడిగాను. రొట్టెలు తడుతోంది, చెయ్యి ఆపలేదు.

"మనవరాలి పెండ్లికి రానా? వస్తా. పీట మీద మాత్రం ఊరికే కూర్చోను. మీ నాయన తన నోటితో నన్ను రమ్మనాల. నీ నోటితో గాదు."

"ఈ వయసులో నీకెందుకమ్మా ఆ పంతం?"

"ఈ వయసులోనే కావాల. ఇంక ఎప్పుడంటాడు?"

పల్లెకు పోయి నాయనకు ఆ మాట చేరవేశాను. చాలాసేపు కండువా దులుపుకున్నాడు. "మీ అమ్మతో చెప్పు, నేను రమ్మన్యానని."

"నేను చెప్పేదైతే ఈడిదాకా ఎందుకొస్తా నాయనా?"

"చూద్దాంలే" అని లేచి చేనుకు పోయాడు.

చేసుకున్నవాళ్లు తెంచుకున్నారు, తెంచుకున్నాక కూడా పంతాలు. నేను మాత్రం బస్సుల్లో ఇటూ అటూ తిరుగుతున్నాను. పంతం పట్టడానికి నాకెవరున్నారు అనుకుంటూ కూర్చుంటే కిటికీలోంచి దుమ్ము కొడుతోంది.

పెళ్లి మా వాకిట్లోనే చేశాం. ఒడిబియ్యం వేళకు నేను వంటగది తలుపు వెనక్కి పోయాను. ఎవరూ పొమ్మనలేదు. పోవాలని నాకే తెలుసు. తలుపు సందులోంచి అంతా కనిపిస్తోంది. నా కూతురు కొంగు చాచి కూర్చుంది. నాయన పీట మీద ఒక పక్కకు జరిగి కూర్చున్నాడు, రెండో పక్క ఖాళీగా ఉంది. అమ్మ పందిరి గుంజ దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. మగపెళ్లివారి ఆడవాళ్లు గుసగుసలాడుతున్నారు. ఇక్కడ ఏమన్నా తేడా వస్తే రేపు ఆ ఇంట్లో నా బిడ్డను మాటలతో పొడుస్తారు.

నాయన చుట్టూ చూశాడు. "పాపా!" అని పిలిచాడు.

నేను పలకలేదు. ఆ వేళప్పుడు నేను బయటికి రాకూడదన్నది నిజమే. లోపలి నుంచైనా పలకొచ్చు, అదీ నిజమే. నోటి మీద కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఇన్నేళ్లు మోశాను, ఈ ఒక్క మాట నువ్వే మోసుకో అనుకున్నాను.

తమ్ముడి వైపు చూశాడు. వాడు ఫోన్లో తల పెట్టుకుని ఎత్తలేదు.

నా కూతురు వంచిన తల ఎత్తకుండానే, "తాతా, అవ్వ ఆన్నే ఉండాది గదా, పిలువు. నా చేతులు నొస్తాండాయి" అంది.

నాయన గొంతు సవరించుకున్నాడు. మెడ దాకా ఎర్రబడ్డాడు. "రా... కూర్చో."

"ఎవరితో అంటాండావు? నాతోనేనా?" అంది అమ్మ.

"నీతోనే. బిడ్డ ఎంతసేపు పట్టుకోనుంటాది?"

పందిరంతా ఒక్కసారి నవ్వింది. అమ్మ వచ్చి కూర్చుంది. కూర్చున్నాక ఇంకేముంది, మొదలుపెట్టారు.

"పిడికిలి బిగించు, బియ్యమంతా కింద పోతాండాయి."

"నాకు తెలుసులే."

"ఏం తెలుసు? పసుపంతా నీ పంచె మీదనే ఉండాది."

"నువ్వు మెల్లగ పొయ్. ఏదో తరుముతాన్నట్ల పోస్తాండావు."

మగపెళ్లివారి ముసలామె ఒకామె కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. నా బిడ్డ పని జరిగిపోయింది. నేను సంతోషపడాలి. కానీ తెంచుకున్నవాళ్లకు పీట, తెంచుకోని దానికి తలుపు సందు. నా మొగుడుంటే వాడూ ఇట్లాగే సగం బియ్యం కింద పోసేవాడు. నేనూ నలుగురిలో వాణ్ని తిట్టేదాన్ని.

మధ్యాహ్నానికి పెళ్లికూతుర్ని పంపేశాం. తమ్ముడు నాయన్ను బస్సెక్కించి, నాతో మాట్లాడకుండానే కడపకు పోయాడు. నేనూ అమ్మా మిగిలాం. పీట చుట్టూ పడిన బియ్యం ఏరి, పసుపు పోవాలని నాలుగైదు సార్లు కడిగి పొయ్యి మీద పెట్టాను. అన్నం ఉడుకుతుంటే నోరు ఊరుకోలేదు.

"నీకేమ్మా. వదిలేసినా నీకు బొట్టుండాది, పీట ఉండాది."

అమ్మ కోపపడుతుందనుకున్నాను. పడలేదు.

"నీ మొగుడు పోయినప్పుడు ఊరు ఊరంతా నీ వాకిట్లో ఉన్నింది. ఒకరు కాఫీ తెచ్చిరి, ఒకరు నీ తల దువ్విరి. నేను సంచెత్తుకోని బస్టాండుకు నడిస్తే యాడికని ఒక్కరూ అడగల్యా. ఏడుస్తానంటే నవ్వుతారని ఏడవను కూడా ల్యా. ఆపొద్దు నీ మీద నాకెంత కుళ్లు పుట్టిందో నీకు తెలుసా?"

"మొగుడు సచ్చినదాని మీద కుళ్లా?"

"కుళ్లే" అంది. "పులుసు పెట్న్యావా, మాటలేనా?"

దీపాలు పెట్టే వేళకు ఇద్దరం కంచాల ముందు కూర్చున్నాం. అన్నం ఇంకా లేత పసుపుగానే ఉంది. అప్పుడు ఫోను మోగింది. నాయనే. ఇన్నేళ్లూ ఆయన ఫోను చేస్తే నాకే చేసేవాడు. ఎత్తగానే "మీ అమ్మతో చెప్పు" అనేవాడు. నేను అలవాటుగా చెయ్యి కడుక్కోబోయాను. మోగింది నా ఫోను కాదు.

అమ్మ లేచి వాకిట్లోకి పోయింది. "దిగినావా? ఆఁ... కండువానా? ఈడనే మర్చిపోయినావు. నేనేం తెచ్చియ్యను, కావాలంటే నువ్వే వచ్చి తీసుకోపో." వెనక్కి రమ్మని ఆయన అడిగాడో లేదో నాకు తెలియదు. "ఆ మాట మాత్రం అడగొద్దు" అని ఒకసారి గట్టిగా అంది. మళ్లీ తిట్లు అందుకుంది.

నేను ఆమె కంచం మీద మూత పెట్టి, నా అన్నం కలుపుకుని తిన్నాను. తింటున్నంతసేపూ చెవి వాకిట్లోనే ఉంది.