సముద్రంలో ఉమ్మిన రోజు

అండమాన్ వెళ్ళాలన్న కోరిక నాది కాదు, మా చెల్లెలిది. మా ఊళ్ళోనే, సువర్ణరేఖ నది అవతల మాంగో పేటలో ఉంటుంది అది. ఏడాదిపాటు ఫోనులో చేపల వీడియోలు చూసి చూసి, చివరికి మా ఇద్దరికీ టికెట్లు తీసేసింది. మావారు పోయాక నేను మా పేట బారిడీహ్ దాటడమే తక్కువ. ఈ వంకతోనైనా నన్ను కదిలించాలని దాని ఆశ. తీరా నాలుగు రోజుల్లో ప్రయాణమనగా దాని అత్తగారు స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. నేనూ మానేస్తానన్నాను.

"నువ్వూ మానేత్తే ఇద్దరం సూడనట్టే గదక్కా," అంది. "నువ్వెల్లు. సూసినయన్నీ వచ్చి నాకు సెప్పు. ఏదీ ఒగ్గేయకు."

నన్ను బడికి పంపలేదు. నాన్నే డ్యూటీ దిగి వచ్చి ఇంట్లో పలక ముందు కూర్చోబెట్టి చదువు చెప్పారు. చూడనిదాన్ని చూశానని చెప్పకూడదని ఆయన మొదట్లోనే నేర్పారు. చెల్లెలి దగ్గరైతే నాకు ఆ పని అసలే చేతకాదు.

పడవలో మూడు జంటలు, నేను. వాళ్ళు ఒకరి వీపుకి ఒకరు క్రీము రాసుకుంటున్నారు. నా పక్క సీటు చెల్లెలిది, ఖాళీ. అందులో నా సంచి పెట్టుకున్నాను. మమ్మల్ని నీళ్ళలోకి దించే అతను అందరితో హిందీలో మాట్లాడుతూ, పడవ నడిపేవాడితో మాత్రం మా శ్రీకాకుళం యాసలో గొణిగాడు. అడిగితే, తాతలనాడే ఈ దీవులకి వచ్చేశామని చెప్పాడు. దేవుడు నన్ను మరీ పరాయిచోట పడెయ్యలేదు, అనుకున్నాను.

ముఖానికి పెట్టుకునే అద్దానికి ఆవిరి పట్టకుండా లోపలివైపు ఉమ్మి, వేలితో రుద్ది, సముద్రంలో ముంచి పెట్టుకోవాలట. అందరూ నవ్వుకుంటూ ఉమ్మారు. నా వల్ల కాలేదు. సువర్ణరేఖలో కాలు పెట్టాలన్నా ముందు దోసెడు నీళ్ళు నెత్తిన చల్లుకునేదాన్ని, గంగమ్మలో నా ఎంగిలి ఎలా కలపను? అటు తిరిగి, ఉమ్మినట్టే వంగి, అద్దాన్ని చున్నీతో తుడిచాను. ఊపిరి పీల్చే గొట్టమైతే ఎందరి నోళ్ళలో ఉండి వచ్చిందో. సీసాలో నీళ్ళతో మూడుసార్లు కడిగి, దణ్ణం పెట్టుకుని, పళ్ళ మధ్య పెట్టుకున్నాను.

జంటలు చేతులు పట్టుకుని దిగాయి. జంట లేనిదాన్ని కాబట్టి నన్ను అతనే చివర్లో రబ్బరు ట్యూబు పట్టించి తీసుకెళ్ళాడు. నాలుగు ఊపిర్లు తీశానో లేదో, అన్నం ఉడికేటప్పుడు వంటింటి కిటికీలాగా అద్దమంతా తెల్లబడిపోయింది. అతను నా చెయ్యి తట్టి ఏవేవో చూపిస్తున్నాడు. తల ఊపుతూనే ఉన్నాను. గొట్టంలో నా ఊపిరి తప్ప ఇంకేమీ లేదు. పైకొచ్చాక బాగా కనిపించిందా అని అడిగితే, మళ్ళీ తలే ఊపాను.

పడవలో అందరూ తడి జుట్లతో ఒకరి ఫోటోలు ఒకరు చూసుకుంటున్నారు. ఒకమ్మాయి, ఆంటీ, మీకూ తాబేలు కనిపించిందా అని హిందీలో అడిగింది. దానికీ తల ఊపాను. పిల్ల సంతోషపడి అటు తిరిగింది. నోరు తెరవకుండానే రెండు అబద్ధాలు ఆడేశాను. ఇంటికి వెళ్ళాక మూడోది చెల్లెలికి చెప్పాలి, లేదా దాని కోరికని నా మడితో పాడుచేశానని చెప్పాలి. ఆటు మొదలై నీరు తీస్తోందనీ కాసేపట్లో వెనక్కి తిరుగుతామనీ అతను అందరికీ చెబుతున్నాడు.

అతని దగ్గరికి జరిగి, "బాబూ, నాకేటీ కనపడలేదు," అన్నాను. "నేను ఉమ్మలేదు. గంగమ్మ కదా."

అతను అద్దం తీసి మళ్ళీ నా చేతికిచ్చాడు. "సేపలు పొద్దున్నుంచీ ఆయమ్మ ఒల్లోనే అన్నీ కానిచ్చేత్తన్నాయమ్మా. మీ ఉమ్మొక్కటే బరువైపోద్దేటి? రండి, పది నిమిసాలుంది."

తల్లీ తప్పు కాయి అనుకుని ఉమ్మబోతే, భయానికీ ఉప్పుకీ నోరెండిపోయి ఉంది. మూడోసారికి గానీ రాలేదు.

ఈసారి తల ముంచగానే అడుగు దాకా వెలుతురు. కొమ్మలు కొమ్మలుగా పగడపు దిబ్బలు, పసుపు తోకల చేపలు. ఒక పచ్చటి చేప రాయిని కొరుకుతుంటే, అటుకులు నమిలినట్టు కరకరమని ఆ చప్పుడు నా చెవికి వినిపించింది. నీళ్ళ కింద చప్పుళ్ళు ఉంటాయని నాకెవరూ చెప్పలేదు. చేటంత ఆల్చిప్ప ఒకటి నీలం అంచులు విప్పుకుని ఉంది. నా నీడ పడగానే మెల్లిగా మూసుకుంది. అదిగో చూడు, అనబోయాను. నోటినిండా రబ్బరు. పక్కనున్న అతను అవన్నీ రోజూ చూసేవాడే. అంత అందం ముందు, మావారు పోయిన ఇంట్లో మొదటి ఉదయం లేచినప్పటికన్నా ఒంటరిగా అనిపించింది. అయినా చూపించినందుకు లోపల్లోపలే దణ్ణం పెట్టుకున్నాను. అద్దంలో కాసిని నీళ్ళు చేరాయి, అవి సముద్రానివి కావు.

తిరిగొచ్చిన ఆదివారం చెల్లెలు ఆసుపత్రి నుంచి నేరుగా మా ఇంటికే వచ్చింది. మంచం మీద కాళ్ళు చాపుకుని, "ఊఁ, సెప్పు," అంది. ఉమ్మడం దగ్గర మొదలుపెట్టాను. తల ఊపి ఆడిన అబద్ధాలూ దాచలేదు. కడుపు పట్టుకుని నవ్వింది. చేప కొరికే చప్పుడు రెండుసార్లు చేయించుకుంది. ఆల్చిప్ప దగ్గరికి వచ్చేసరికి దాని కళ్ళు మూతపడ్డాయి. పది రోజులుగా ఆసుపత్రి బల్ల మీదే నిద్ర దానికి. ఊఁ కొట్టడం ఆగింది.

నేను ఆపలేదు. గొంతు తగ్గించి, అంచుల నీలం ఎలాంటిదో, ఎంత మెల్లిగా మూసుకుందో, అప్పుడు నాకేమనిపించిందో, ఏదీ విడిచిపెట్టకుండా చెప్పాను. తర్వాత దానికి దుప్పటి కప్పి, వాళ్ళ అత్తగారికి పట్టుకెళ్ళడానికి అన్నం మెత్తగా ఉడకేశాను.