గింజ గింజా కనిపించింది

నిరుడు చంద్రపూర్‌లో, మేముండే బొగ్గుగని కాలనీలో మా అక్క పెళ్ళి. ఫోటోలు నేనే తీస్తానని పట్టుబట్టాను. కెమెరా కొత్తది. వాకిట్లో కూర్చుని కూరగాయలు తరిగే అమ్మను తీస్తూ నేర్చుకున్నాను. ఫోకస్ సంగతి కెమెరాయే చూసుకునేది. ఆ ధైర్యంతోనే, నా ఫోటోలకు అడ్డం రాకుండా తాళి కట్టే వేళకు చుట్టాలందరి ఫోన్లూ లోపల పెట్టించాను.

బావ మూడుముళ్ళు వేస్తుంటే నలువైపుల నుంచీ అక్షింతలు పడ్డాయి. నేను ఆపకుండా నొక్కుతూనే ఉన్నాను.

భోజనాల దగ్గర అక్క, "తాళి కట్టిన ఫోటో చూపియ్యవే" అంటూ కెమెరా తీసుకుంది. తెర మీద గాల్లో ఎగిరే పసుపు బియ్యం గింజ గింజా కనిపిస్తోంది. వెనక అక్కా బావల ముఖాలు మసక మసకగా ఉన్నాయి. ఏ ఫోటో చూసినా అంతే. కెమెరా ముఖాలను వదిలి, ముందు ఎగిరే గింజల మీదే ఫోకస్ పెట్టుకుంది.

"ఇప్పుడేం జేద్దాం? మల్లొకసారి కట్టమందామా తాళి?" అని అరిచింది అమ్మ.

"పోనియ్యమ్మా, నాకు యాదుంటది గద" అంది అక్క. కెమెరా నా చేతిలో పెట్టి, నా ముఖం చూడకుండానే వెళ్ళిపోయింది.

నేను నేర్చుకున్నది కదలకుండా కూర్చున్న అమ్మను తీయడం ఒక్కటే. ఇప్పటికీ ఎవరి పెళ్ళిలోనైనా చేతిలో అక్షింతలు పెడితే, నాకు గుప్పిట విప్పబుద్ధి కాదు.