మామగారి గడ్డం, మద్రాసు మిషను

బంగారుపాళ్యంలో మామిడితోట చూసుకుంటూ ఉండే మా తమ్ముడికి గుండె డాక్టరు రక్తం పలచబడే మాత్రలు రాసి, ఇక మీదట బ్లేడు ముట్టుకోవద్దని, తెగితే రక్తం తొందరగా ఆగదని చెప్పాడట. కరెంటు షేవరు కొనుక్కోమన్నాడట. వాడు నేరుగా తిరుపతికి మా ఇంటికి వచ్చి, "అక్కా, ఈ మిషన్ల సంగతి మనింట్లో నీకే తెలుసు, రా పోదాం" అని నన్ను అంగడికి తీసుకుపోయాడు. డెబ్బై దాటిన ఆడమనిషి గడ్డం మిషన్లను ఒక్కొక్కటిగా ఎడమచేత్తో పట్టుకుని బరువు చూస్తుంటే అంగట్లో అమ్మే పిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది. దీని మూతి మీదుండే జల్లెడ రేకు అరిగిపోతే విడిగా దొరుకుతుందా అని అడిగితే, ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా, "అరిగిపోతే కొత్తదే తీసుకోవచ్చు కదా మేడమ్" అంది. ఆ మాటతో నా మనసు తిన్నగా చిత్తూరులో మేము కాపురమున్న ఇంటి వరండాలోకి వెళ్ళిపోయింది.

నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో గడ్డం గీసుకోవడం ఇంట్లో జరిగే పని కాదు. దానికి పెరట్లో బట్టలుతికే రాయి పక్కన చోటు, ఒక చెంబు, గోడకు పగిలిన అద్దం ముక్క ఉండేవి, అది అయ్యాక స్నానం చేస్తే తప్ప లోపలికి రాకూడదు. మా మామగారు తాలూకా ఆఫీసులో పనిచేసి పింఛను పుచ్చుకున్న మనిషి. తెల్లవారగానే ఆ రాయి పక్కన కూర్చుని తన గడ్డం తానే నున్నగా గీసుకుని, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మార్కెట్టు దగ్గర కాఫీ హోటలుకు నడిచివెళ్ళి స్నేహితులతో పేపరు చదివి వచ్చేవారు. మంగళవారం, శుక్రవారం మాత్రం అత్తగారు కత్తి ముట్టనిచ్చేవారు కాదు. ఆ రెండు రోజులూ ఆయన గొణుక్కుంటూ, గడ్డం తడుముకుంటూ హోటలుకు వెళ్ళేవారు.

నేను ఒక సహకార సంఘం ఆఫీసులో లెక్కలు రాసే ఉద్యోగంలో కుదురుకున్న రోజులవి. మా ఆయన ఐరాల ఎలిమెంటరీ స్కూల్లో పనిచేస్తూ మొదటి బస్సుకే వెళ్ళిపోయేవారు. ఆ సంవత్సరం వేసవిలో మామగారికి పక్షవాతం వచ్చింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి కాలికి చాలావరకు కదలిక వచ్చింది కానీ కుడిచేయి మాత్రం గ్లాసు కూడా పట్టలేకుండా ఉండిపోయింది. రోజూ నడవాలని, నడక మానితే ఆ కాలు కూడా బిగుసుకుపోతుందని, తర్వాత ఎవరేం చేసినా మామూలుగా కాదని డాక్టరు మరీమరీ చెప్పి పంపించాడు.

ఆయన ఇంటి గడప దాటలేదు. ఎడమచేత్తో కత్తి పట్టి ఒకరోజు ప్రయత్నించి రెండుచోట్ల కోసుకున్నారు. క్షవరం చేసే ఆయన్ని ఇంటికి పిలిపిస్తామంటే వద్దన్నారు, కొడుకు చేస్తానంటే కసురుకున్నారు. ఆసుపత్రిలో ఎవరు పడితే వాళ్ళు ఆయన్ని తిప్పి, ఎత్తి, తుడిచారు, ఇక ఎవరి చెయ్యీ తన ముఖం మీద పడడం ఆయనకు ఇష్టం లేదు. గడ్డం పెరిగింది. స్నేహితులు చూడడానికి వస్తే తుండుగుడ్డ ముఖం మీద కప్పుకుని నిద్ర నటించేవారు. ఒకరోజు నేను కాఫీ ఇస్తూ కాస్త దూరమైనా నడిచి రమ్మంటే, "నా మొగం నా చేత్తో గీసుకోలేనోన్ని, ఎవురికి సూపించల్లమ్మా ఈ మొగాన్ని?" అన్నారు. రాను రాను వాళ్ళు రావడం మానేశారు. నెల తిరిగేసరికి ఆయన పాదం నేలకు రాసుకుంటూ పడడం మొదలైంది.

కరెంటుతో గడ్డం గీసే మిషను ఉంటుందని మా ఆఫీసులో ఎవరో అంటే విన్నాను. చిత్తూరులో దొరకలేదు. ఒక ఆదివారం బస్సెక్కి మద్రాసు వెళ్ళాను. ఏ వస్తువైనా పదిమంది చెప్పారని కొనడం నాకు చేతకాదు. అంగడాయన రెండు రకాలు ముందు పెట్టాడు. ఒకదానికి మూడు గుండ్రటి చక్రాలు, ఇంకొకదానికి సన్నటి చిల్లులున్న పలచటి రేకు జల్లెడ, దాని వెనక అటూ ఇటూ ఆడే బ్లేడు. చక్రాలదాన్ని చెంప మీద గుండ్రంగా తిప్పుతూ ఉండాలి, జల్లెడదాన్ని తిన్నగా కిందికీ పైకీ లాగితే చాలు. అలవాటు లేని ఎడమచేతికి తిన్నగా లాగడమే సులువు. బ్యాటరీ సెల్సుతో నడిచేది కూడా చూపించాడు కానీ, సెల్సు నీరసపడితే వెంట్రుకను కోయకుండా పీకుతుందని అతనే ఒప్పుకున్నాడు. అందుకని తీగతో నడిచేదే తీసుకుని, కరెంటు కోత పొద్దున ఆరింటికి మొదలవుతుంది కాబట్టి అంతకుముందే పని ముగించాలని లెక్క వేసుకున్నాను. ఒక్కొక్కదాన్నీ ఎడమచేత్తో పట్టి నా ముంజేతి మీద నడిపి చూస్తుంటే అతను, "ఏమ్మా, గడ్డం నీకా మీవారికా?" అన్నాడు. "మా మామకయ్యా, నీకంటే అందగాడు" అన్నాను. పక్కనున్నవాళ్ళంతా నవ్వారు, జల్లెడ విడిగా కూడా తెప్పించి ఇస్తానని అతను మాటిచ్చాడు.

ఇంట్లో ఇంకో చిక్కు. ప్లగ్గు ఉన్నది హాల్లో రేడియో పక్కన ఒక్కటే. ఇంటి నడిమధ్యలో గడ్డం వెంట్రుకలు రాలితే ఇల్లు నిలుస్తుందా అని అత్తగారు అడ్డం కూర్చున్నారు. చివరకు కరెంటు పనిచేసే ఆయన్ని పిలిపించి వీధివైపు వరండాలోకి తీగ లాగించాను. ఆమె మిషన్ని అటూ ఇటూ తిప్పి, "దీంట్లో కత్తి యాడుండాది మే?" అని అడిగారు. లోపల ఉందని చెప్పాను. కంటికి కనపడనిది కత్తి ఎట్లవుతుందని ఆమెకు ఆమే తీర్మానించుకుని, మంగళవారమూ శుక్రవారమూ కూడా గీసుకోవచ్చని సెలవిచ్చారు. నాకు అదే కావలసింది, ఎందుకంటే ఆ మిషను రోజు విడిచి రోజు వాడేది కాదు, ఒకరోజు పెరిగిన గడ్డం దాని చిల్లుల్లో దూరుతుంది గానీ రెండురోజుల గడ్డం వంగిపోయి చిక్కుకుంటుంది.

మామగారికి కుదరడానికి కొన్నివారాలు పట్టింది. స్నానానికి ముందు, చర్మం పొడిగా ఉన్నప్పుడే గీసుకోవాలి. చెంపను కాస్త బిగించి, మిషన్ని నొక్కకుండా ఆనించి లాగాలి. నొక్కితే మంట పుడుతుంది. అయ్యాక జల్లెడను విప్పి తాకకుండా పక్కన పెట్టి, బ్లేడును మాత్రం చిన్న బ్రష్షుతో దులపాలి, అప్పుడప్పుడు కుట్టుమిషను నూనె ఒక చుక్క వెయ్యాలి. ఈ దులిపే పని నేను ఎవరికీ ఇవ్వలేదు. మొదట్లో చెంపలు ఎర్రగా కంది, అక్కడక్కడా కుచ్చులు మిగిలేవి. తర్వాత తర్వాత నున్నగా వచ్చింది. అలా వచ్చిన ఒకరోజు ఆయన ఎవరికీ చెప్పకుండా చొక్కా వేసుకుని గేటు తీసుకుని వెళ్ళిపోయారు. అత్తగారూ నేనూ గోడ దగ్గర నిలబడి, వీధి మలుపు తిరిగేదాకా ఆ కాలు ఎలా పడుతుందో చూశాము. ఆ రోజు నుంచి హోటలు నడక మళ్ళీ మొదలై, పాదం నేలకు రాసుకోవడం తగ్గుతూ వచ్చింది.

ఆయుధపూజ వచ్చింది. మా వైపు ఆ రోజు ఇంట్లో పనిముట్టు ఏదీ విడిచిపెట్టరు. కొడవలి, గడ్డపార, కత్తిపీట, కుట్టుమిషను, మా ఆయన సైకిలు, అన్నిటికీ పసుపూ గంధమూ పూసి కుంకుమ బొట్లు పెడతారు, పూజలో పెట్టినదాన్ని మర్నాటిదాకా కదిలించరు. నేను వంటింట్లో ఉండగా అత్తగారు షేవరును కూడా తెచ్చి వరసలో కూర్చోబెట్టి, మనిషిని నడిపించిన మిషను కదా అని, అన్నిటికంటే మందంగా దానికే గంధం పూశారు. ఎక్కడ పూశారంటే, దాని ముఖం అదే కదా అని, సరిగ్గా జల్లెడ మీద.

మర్నాడు విజయదశమి. బడిలో పిల్లల్ని చేర్చుకునే రోజు కాబట్టి మా ఆయన పొద్దున్నే ఐరాల వెళ్ళిపోయారు. మామగారు మిషన్ని కళ్ళకద్దుకుని, పైపైన తుడిచి, స్విచ్చి వేశారు. కుడిచెంప అయ్యేదాకా ఎలాగో నడిచింది. ఆ తర్వాత ఇసుకలో చక్రం తిరిగినట్టు చప్పుడు చేసి, కాలిన వాసన వేసి, ఆగిపోయింది. విప్పి చూస్తే గంధమూ వెంట్రుకలూ కలిసి బ్లేడు చుట్టూ సిమెంటులా గట్టిపడి ఉన్నాయి, జల్లెడకు బియ్యపుగింజంత చిల్లు పడింది. చిల్లుపడ్డ జల్లెడతో గీసుకుంటే చర్మమే తెగుతుంది. కొత్తది మద్రాసు నుంచి రావలసిందే.

ఆయన సగం గీసిన ముఖం మీద తుండు కప్పుకుని, లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ మనిషి అలా పడుకున్నారంటే మళ్ళీ పది రోజులకో నెలకో లేస్తారని నమ్మకం లేదు. తను పూసిన గంధం చేసిన పని అత్తగారికి నేను చెప్పకుండానే అర్థమయింది. ఆమె పెరట్లోకి వెళ్ళి వేణ్ణీళ్ళ చెంబు తెచ్చారు. అటక మీద పెట్టెలోంచి ఆయన పాత కత్తి, సబ్బు తీశారు. మంచం పక్కన నిలబడి తుండు లాగేశారు.

"లెయ్యి. సగం మొగంతో పండగపూట పండుకుంటారా ఎవురైనా?"

"పో. నీకేం తెల్సు, కోస్తావు."

"పెండ్లైనకాన్నించి వంకాయలు తరగతా వుండాను. నీ గడ్డం వంకాయ కన్నా గట్టిదా?"

"వంకాయను కోస్తే అది అరస్తాదా?"

"నువ్వూ అరవొద్దు. గమ్మునుండు."

ఆయన లేచి వరండాలోకి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. వీధిలో జనం పోతూనే ఉన్నారు. అత్తగారు సబ్బు రాసి, ఎడమచేత్తో ఆయన గడ్డం కింద పట్టి తల పైకెత్తారు. ఇన్నాళ్ళూ కొడుకుకు కూడా ఇవ్వని ముఖాన్ని ఆయన కళ్ళు మూసుకుని ఆమెకు ఇచ్చేశారు. ఊపిరి బిగబట్టి, పెదవులు కొరుక్కుంటూ, కత్తిపీట దగ్గర కూర్చున్నప్పటి శ్రద్ధతోనే ఆమె నెమ్మదిగా గీశారు. ఒక్కచోట గాటు పడితే విభూతి అద్దారు. "చూస్తివా, కోసినావు" అన్నారు ఆయన కళ్ళు తెరవకుండానే. "దిష్టికి" అన్నారు ఆమె. కాస్త ఆలస్యంగా ఆయన హోటలుకు వెళ్ళారు.

కొత్త జల్లెడ వచ్చేదాకా రోజూ ఆమే గీశారు. మధ్యలో మంగళవారం వచ్చింది, శుక్రవారం వచ్చింది. చేతిలో ఉన్నది అచ్చమైన కత్తే. ఆమె ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

జల్లెడ వచ్చాక నేనే బిగించి, నూనె వేసి, ముంజేతి మీద నడిపి చూసి ఇచ్చాను. మునుపటికంటే బాగా పనిచేసింది. మామగారు ఎడమచేత్తో రెండు చెంపలూ గీసుకుని, మిషను ఆపి, "ఇదో, కింద నాకు అందేలేదు" అని లోపలికి కేక వేశారు. అత్తగారు చెంబు, కత్తి తీసుకుని వచ్చారు. ఏ మిషను ఎక్కడిదాకా అందుతుందో నాకు తెలియని విషయం కాదు. మెడ కింద ఆ జాగా ఎడమచేతికి చక్కగా అందుతుంది, ఆయుధపూజకు ముందు అన్ని వారాలూ అందుతూనే ఉండింది. అయినా ఆయన బతికున్నన్నాళ్ళూ అది అందలేదు.

ఇప్పటి షేవర్లు బాగున్నాయి, కాదనను. నీళ్ళలో కడగవచ్చు, కరెంటు పోయినా నడుస్తాయి, మెడ వంపును బట్టి వాటంతట అవే వంగుతాయి. ఇళ్ళల్లో ప్రతి స్నానాలగదికీ ప్లగ్గు ఉంది, తలుపుకు గడియ ఉంది. మగవాళ్ళు ఎప్పుడు లోపలికి వెళ్ళారో, ఎప్పుడు నున్నటి ముఖంతో బయటికి వచ్చారో ఇంట్లో ఆడవాళ్ళకు తెలియను కూడా తెలియదు. అందని జాగా అంటూ ఎవరికీ మిగలడం లేదు. పొద్దున నడకకు వెళ్ళినప్పుడు వీధి పొడుగునా ఇళ్ళ వరండాలను చూసుకుంటూ పోతాను. చెప్పుల స్టాండు, తులసి కుండీ తప్ప, గడ్డం పైకెత్తుకుని కళ్ళు మూసుకుని కూర్చున్న మనిషి ఒక్కడూ కనపడడు.