ముడుచుకుపోయిన వల గుడ్డ

రాస్ అల్ ఖైమా కొండల్లో క్వారీకి కాపలా కాసే మన సహోదరుడు చలికి వణుకుతున్నాడని, ఈకలు కూరిన పాత జాకెట్లు విప్పి ఆ ఈకలతో దుప్పటి కుడదామని ప్రార్థనలో ప్రకటించాను. అందరూ ఆమెన్ అన్నారు. ఈ రోజు అజ్మాన్‌లోని నా గదికి వచ్చింది మాత్రం మరియమ్మ ఒక్కతే. ఇళ్లలో పనిచేసే మనిషి, వారానికున్న ఒక్క సెలవునూ వదులుకుని వచ్చింది.

ఈకలు ఒక మూలకు జారకుండా రెండు పొరల మధ్య అడ్డుగా కుట్టేందుకు వల గుడ్డను రెండంగుళాల పట్టీలుగా కోయాలి. ఆమె పట్టుకుంది, నేను కోశాను. తీరా చూస్తే ప్రతి పట్టీ అంగుళన్నరే ఉంది. తప్పుడు కొలత దేవునికి అసహ్యమని ఆమెను గద్దించాను.

"గట్టిగా లాగి పట్టుకోమంది మీరే కదా అయ్యగారూ. వదిలాక ముడుచుకుపోయింది. చొక్కా గుడ్డనుకున్నారా ఏంటి? ఇక ఖలాస్" అంది.

నిజమే, అది దర్జీగా నా చేతికున్న అలవాటు. గుడ్డంతా పాడైంది. ఆ సహోదరుడికి ఇంకో వారం చలి తప్పదు.

గద్దించడానికి వాక్యం క్షణంలో దొరికింది. తప్పు నాదేనమ్మా అనే మాట మాత్రం ఆమె బస్సెక్కి వెళ్లిపోయేదాకా నోట రాలేదు. చెప్పండి, బోధకుడు క్షమించమని అడిగితే మీకు లోకువైపోతాడా?